అమ్మ మాటకు నా గొంతు

హాల్లో లైట్లు ఆర్పేశారు. తెర మీద బొమ్మలు బాగా కనబడాలట. చీకట్లో మా అమ్మ చెవుడు రెట్టింపవుతుందని ఈ మహానుభావుల్లో ఒక్కరికీ తట్టలేదు. చేతులు కనబడకపోతే ఆమెకి లోకంలో ఎవరూ మాట్లాడనట్టే కదా. నేను స్టేజీకి వీపు పెట్టి, అమ్మకి ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆపేశాను. అమ్మ విసుక్కోలేదు. చేతిసంచిలోంచి ఫోను తీసి, టార్చి వేసి, ఆ వెలుగు నా చేతుల మీదికి తిప్పి, ఊఁ కానియ్ అన్నట్టు గడ్డం ఎగరేసింది. బందరులో డిజిటల్ యాక్సెసిబిలిటీ మీద పెద్ద సదస్సు ఇది. అంటే ఫోన్లూ యాప్‌లూ వెబ్‌సైట్లూ చూపు లేనివాళ్ళకీ వినికిడి లేనివాళ్ళకీ అందరితో సమానంగా అందాలని మాట్లాడుకునే సభ. ఆ సభలో ఒక చెవిటి మనిషి తన టార్చి తనే పట్టుకుని వింటోంది. పొద్దున లోపలికి వస్తున్నప్పుడు చూశాను, చక్రాల కుర్చీల కోసం కట్టిన ర్యాంపు నిండా అతిథుల కంటికి ఇంపుగా ఉంటుందని పూలకుండీలు పేర్చారు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాయన తర్వాత స్టేజీ ఎక్కాల్సింది మా అమ్మే. ఆమె సైగలతో చెప్పేదాన్ని మైకులో నోటితో చెప్పాల్సింది నేను. ఆమె ఏం చెప్పబోతోందో మాత్రం నాకు తెలియదు.

ఎవరినీ వెనక వదిలేయకూడదు అంటున్నాడాయన. నా చేతులు కూడా అదే అంటున్నాయి. చేతులు ఆయనకి అద్దెకిచ్చాను, లోపలి గొణుగుడు మాత్రం నాదే. నిజానికి ఈ రోజు అమ్మ గొంతు నేను కాకూడదు. సొంతవాళ్ళకి సొంతవాళ్ళు ఇంటర్‌ప్రెటర్లుగా ఉండకూడదని కోర్సులో మొదటి వారమే చెప్పారు, ప్రేమ అడ్డొస్తుందని. అందుకే విజయవాడ నుంచి క్రిస్టినాని పిలిచాం. ఆ అమ్మాయి ఎక్కిన బస్సు పామర్రులో ఆగిపోయింది. ‘ఇంకో బస్సు కోసం చూస్తున్నా అక్కా’ అని పొద్దున ఒక మెసేజ్, ‘ఖాళీ లేకుండా వస్తున్నాయి అక్కా’ అని ఇందాక ఇంకొకటి. ఒళ్ళో ఫోను మళ్ళీ వణికింది. చూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. రావే తల్లీ, లారీ ఎక్కైనా రా. ‘సమ్మిళిత’ అంటున్నాడు ఈయన, దానికి సైగ ఏంటి, ‘అందరూ కలిసి’ అని రెండు చేతులతో చుట్టాను. అమ్మ కళ్ళు నా చేతుల మీదున్నాయి గానీ మనసు ఇక్కడ లేదు. పెదవి లోపలికి మడిచింది. ఏదో గట్టిగా నిశ్చయించుకున్నప్పుడు అలా మడుస్తుంది.

ముందు వరసలో ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ పక్కన, కళ్ళజోడు ముక్కు చివర నిలబెట్టుకుని, మా శామ్యూల్ రాజ్ గారు. గుడివాడ బస్టాండు వెనక వీధిలో మా ఆఫీసు. వాతావరణ హెచ్చరికల్ని సైగల భాషలో చూపించే యాప్ మాది. ఆకుపచ్చ చీర కట్టిన బొమ్మ ఒకటి తెర మీదికొచ్చి చేతులతో చెబుతుంది. ఇవాళ ఢిల్లీవాళ్ళకి నచ్చితే తీరం పొడవునా మా యాపే. నచ్చకపోతే ఆఫీసు మూతే. నా ఉద్యోగం కాంట్రాక్టు ఉద్యోగం, సదస్సు కాగానే పర్మనెంటు చేస్తానని మాటిచ్చారు సారు. ఆయన చెడ్డమనిషైతే నాకింత బాధ ఉండేది కాదు. దివిసీమ ఆయనది. ఆయన పుట్టకముందు వచ్చిన ఉప్పెనలో మేనత్త పోయిందట. ఆమెకి చెవులు వినబడవు. నీళ్ళొస్తున్నాయని ఊరంతా అరుస్తూ పరిగెత్తుతుంటే ఆమె పెరట్లో అటు తిరిగి అంట్లు తోముకుంటోందట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. వెయ్యిసార్లు విన్నా, ఆ తుడుచుకోవడం నటన కాదని నాకు తెలుసు. ఆ మనిషే ఇందాక ఢిల్లీవాళ్ళతో, "మొన్న తుఫానులో ఈ అమ్మని కాపాడింది మా యాపేనండీ" అంటుంటే విన్నాను. విని ఊరుకున్నాను. అమ్మ క్షేమంగా ఉంది సార్ అని మాత్రమే చెప్పాను అప్పట్లో, మిగిలింది ఆయన ఊహించుకున్నారు. నాకు తెలిసింది కూడా అంతకంటే పెద్దగా ఏముంది గనక.

తుఫాను రోజు నేను గుడివాడలో ఉన్నాను. నాన్న పనిచేసే బోటు గాలి ముదరకముందే నిజాంపట్నం రేవులో చేరి అక్కడే కట్టేసుకుంది. గిలకలదిండిలో మా ఇంట్లో అమ్మ ఒక్కతే. ఆటోలో మైకు పెట్టుకుని అందరూ బడికి వెళ్ళిపోండహో అని తిరిగారట. మైకు అమ్మకేం చేస్తుంది? నాకు మాత్రం దిగులు లేదు, యాప్ ఉందిగా. బడిలో పునరావాస కేంద్రం, భోజనాలు ఉన్నాయన్న సందేశం పంపమని సారు చెప్పగానే పంపే బటన్ నొక్కింది నేనే. అమ్మ ఫోనుకి చేరినట్టు, ఆమె తెరిచి చూసినట్టు నా కంప్యూటర్లో కనబడింది కూడా. హమ్మయ్య అనుకుని టీ తాగాను. తర్వాత సిగ్నల్ పోయింది. రోడ్ల మీద చెట్లు తీశాక బస్సు పట్టుకుని వెళ్తే, మా ఇంటి మీద రేకులు లేవు. అమ్మ తడిసిన బొంతలు పడకుండా మిగిలిన గోడ మీద ఆరేస్తోంది. బడికి వెళ్ళలేదని పక్కింటివాళ్ళు చెప్పారు, నువ్వు ఫోన్లో చెప్పుంటావనుకున్నాం అమ్మాయ్ అన్నారు. ఎందుకు వెళ్ళలేదని అమ్మని అడిగాను. వెళ్ళాలనిపించలేదు అంది. అన్నం తిన్నావా అని అడిగింది. మళ్ళీ ఎన్నిసార్లు అడిగినా అంతే, చేతులు రెండూ ఒళ్ళో పెట్టేసుకునేది. సైగలు చేసే మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుందంటే తలుపు గడియ వేసుకున్నట్టే.

పొద్దున ఇడ్లీలు తింటున్నప్పుడు శామ్యూల్ రాజ్ గారు మా టేబుల్ దగ్గరికొచ్చి, "ఏవమ్మా రత్నకుమారిగారూ, స్టేజీ మీద ఏం చెప్తారు?" అని నవ్వుతూ అడిగారు. నేను సైగల్లో అడిగితే అమ్మ ఆయన్ని చూసి, నన్ను చూసి, చట్నీ అంటిన వేలితోనే సైగ చేసింది: "అక్కడే చెప్తా." నేను, "బాగా ఉపయోగపడిందని చెప్తుంది సార్" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి దానంతటదే జారింది. సారు సంతోషంగా వెళ్ళిపోయారు. అమ్మ ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని ఆయన వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు స్టేజీ మీదాయన అంకెలు చెబుతున్నాడు, చేతులు అంకెలు చూపిస్తున్నాయి. అంకెలంటే అమ్మకి ఆవులింత.

ఇది ఇవాళ్టి అలవాటు కాదు. చిన్నప్పుడు తెల్లారగట్ల గిలకలదిండి రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు అమ్మ నన్ను ముందు నిలబెట్టుకునేది. బురదలో ఐసు ముక్కలు, కాళ్ళు జిల్లుమనేవి. వెనక నుంచి నా భుజం మీద వేలితో తడితే నేను రేటు పెంచి అరవాలి, భుజం నొక్కితే ఆపేయాలి. రేవంతా నన్ను రత్నం గొంతు అనేవాళ్ళు. గంపల చుట్టూ మగవాళ్ళు, ఆడవాళ్ళు, అందరూ ఒక్కసారే అరుపులు. మధ్యలో అమ్మని ఏదో ఒకటి అనేవాళ్ళు, మూగదానికి ఎంత ఆశో చూడు అని, ఇంకా చెప్పుకోలేనివి. ఏమంటున్నారే అని అమ్మ అడిగేది. ఏం లేదు, చేప బాగుంది అంటున్నారు అని చెప్పేదాన్ని. అమ్మ వాళ్ళ వైపు తిరిగి నవ్వేది. అలా వడకట్టడం వచ్చేసింది నాకు. బ్యాంకులో, ఆస్పత్రిలో, నాన్న తరఫు చుట్టాల పెళ్ళిళ్ళలో, ఎక్కడ చేదు తగిలితే అక్కడ వడకట్టి ఇచ్చేదాన్ని. అటూ ఇటూ కూడా. అమ్మ తిట్లు వాళ్ళకి చేరేవి కావు, వాళ్ళ తిట్లు అమ్మకి చేరేవి కావు. మా వీధిలో నా అంత మంచిపిల్ల లేదని పేరు. ఇప్పుడిది నాకు వృత్తి. వృత్తిలో వడకట్టకూడదు. అవతలి మనిషి ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనాలి, ఆమె అంటోంది అనకూడదు, ఒక్క మాట కలపకూడదు, తీయకూడదు. పరీక్షలో ఈ జవాబుకి నాకు మంచి మార్కులే వచ్చాయి.

చప్పట్లు. లైట్లు వెలిగాయి. ఫోను చూసుకున్నాను, క్రిస్టినా: ‘ఇప్పుడే ఎక్కాను అక్కా, ఇంకా పామర్రే.’ అయిపోయింది. సభ నడిపిస్తున్న కల్పన గారు మైకులో, "ఇప్పుడు యాప్ వాడుతున్న ఒక మత్స్యకార మహిళ అనుభవాన్ని ఆమె మాటల్లోనే విందాం" అంటున్నారు. ఆమె మాటల్లోనేనట. అమ్మ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. టార్చి ఆర్పడం మర్చిపోయింది, నేనే ఆర్పాను. మెట్లెక్కుతూ అమ్మ చెయ్యి పట్టుకున్నాను. తెర మీద మా ఆకుపచ్చ చీర బొమ్మ నిలువెత్తున నవ్వుతోంది. ఎప్పుడూ అదే నవ్వు. సందేశాన్ని బట్టి ముఖం మారాలి సార్, సైగల్లో సగం మాట ముఖంలోనే ఉంటుంది అని నేను మీటింగులో చెప్పాను. "ముందు చేతులు రానీ దివ్యా, ముఖం తర్వాత చూద్దాం" అన్నారు సారు. నవ్వు ముఖమైతే అందరికీ నచ్చుతుంది అన్నారు బొమ్మ గీసినవాళ్ళు. సరే అన్నాను. ఆ మీటింగు ఇప్పుడెందుకు గుర్తొస్తోంది. అమ్మ బొమ్మని ఒకసారి ఎగాదిగా చూసి, హాలు వైపు తిరిగి నమస్కారం పెట్టింది.

మొదలుపెట్టింది. నా పేరు రత్నకుమారి. మాది గిలకలదిండి. చేపలమ్ముతాను. హాయిగా చెప్పేశాను. నాకు చదువు లేదు, బొమ్మ చూపిస్తేనే తెలుస్తుంది. అదీ చెప్పాను, ఢిల్లీవాళ్ళ చెవిలో వాళ్ళ మనిషి హిందీలో గుసగుసలాడుతున్నాడు. తర్వాత అమ్మ వేలు తెర వైపు తిరిగింది. తుఫాను రోజు ఆ బొమ్మ వచ్చింది, నవ్వుతోంది, బడి అంది, భోజనం అంది, అందరూ రండి అంది. బడిలో ఎవరిదో పుట్టినరోజు, భోజనాలు పెడుతున్నారు అనుకున్నాను. మొన్ననే పెట్టారు కదా, మళ్ళీనా అనుకున్నాను. నేను అప్పటికే వండుకున్నాను. అందుకని వెళ్ళలేదు. అమ్మ చేతులు ఇంత మాట అనేశాయి, నా నోరు మాత్రం, "తుఫాను రోజు బడిలో భోజనాలతో సహా అన్నీ ఏర్పాటు చేశారని ఈ బొమ్మ నవ్వుతూ చెప్పింది" అంది. విన్నారా, ఎంత దగ్గరగా ఉందో. అబద్ధమని ఎవరు పట్టుకోగలరు? శామ్యూల్ రాజ్ గారు తల ఊపుతున్నారు. అమ్మ చేతులు ఆగలేదు. రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి, గోడ పడింది, నేను మంచం కింద దూరాను, నీళ్ళొచ్చాయి. నా నోరు, "గాలి చాలా పెద్దగా వచ్చింది, ఇలాంటి సమయంలో ఈ యాప్ మాలాంటి వాళ్ళందరికీ ఉండాలి" అంది. మంచం కింద. నాకు చెప్పలేదు ఈ మాట. బొంతలు ఆరేస్తూ అన్నం తిన్నావా అని అడిగింది. హాలంతా చప్పట్లు కొడుతోంది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వుతోంది.

అమ్మ చేతులు ఆగిపోయాయి. నా వైపు చూడలేదు. హాలు వైపు చూసింది, ముందు వరస నుంచి మొదలుపెట్టి చివరి వరస దాకా, ఒక్కో ముఖం దగ్గర ఆగుతూ. అందరూ ఆదరంగా, మనస్ఫూర్తిగా నవ్వుతున్నారు. చూడటం అయ్యాక నా వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో, నాకు కోపమైతే బాగుండేది. నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు సైగ చేసింది.

"గోడ పడిందని చెప్తే నవ్వుతారా ఎవరైనా?"

"అమ్మగారు ఏమంటున్నారండీ?" అన్నారు కల్పన గారు. ఏం లేదండీ. నాలుక చివర సిద్ధంగా ఉంది ఆ మాట, ఏం లేదండీ, అందరికీ థాంక్స్ చెబుతోంది అనేస్తే అయిపోతుంది, కిందికి దిగొచ్చు, అన్నం తినొచ్చు, ఆఫీసు ఉంటుంది, నా ఉద్యోగం ఉంటుంది, శామ్యూల్ రాజ్ గారు కళ్ళజోడు తుడుచుకోనవసరం లేదు. అమ్మ నా పెదాలే చూస్తోంది. పెదాలు చదవడం రాదు ఆమెకి. కానీ ‘ఏం లేదు’ అనే మాటకి నా పెదాలు ఎలా కదులుతాయో మాత్రం తెలుసు, పాతికేళ్ళుగా ఎక్కువసార్లు చూసింది ఆ మాటనే. దాని కోసమే ఎదురు చూస్తోంది. ఆ తర్వాత వచ్చే తుఫానుకి మళ్ళీ బటన్ నొక్కేది నేనే, మళ్ళీ బొమ్మ నవ్వుతుంది, నాగాయలంకలో ఒకరు, బంటుమిల్లి అవతల ఒకరు, పెరట్లో అటు తిరిగి అంట్లు తోముకుంటూ ఫోను చూసుకుంటారు, ఎవరిదో పుట్టినరోజులే అనుకుంటారు. భయంగా ఉంది నాకు. అమ్మంటే కూడా భయంగా ఉంది. మైకుకి ఇంకా దగ్గరగా జరిగాను.

"గోడ పడిందని చెప్తే నవ్వుతారా ఎవరైనా?" అన్నాను మైకులో.

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "ఇందాక మీరు విన్నది మా అమ్మ చెప్పింది కాదండీ. నేను కల్పించి చెప్పాను. అమ్మ మళ్ళీ మొదట్నుంచి చెబుతుంది" అని, అదే మాట సైగలతో అమ్మకీ చెప్పాను. అమ్మ తల ఊపి, చేతులు చీరకి తుడుచుకుని, మళ్ళీ ఎత్తింది. ఈసారి వడకట్టలేదు. పుట్టినరోజు భోజనాలనుకున్నాను అన్నాను. వండుకున్నాను కాబట్టి వెళ్ళలేదు అన్నాను. మంచం కింద దూరి నా పెంపుడు కోళ్ళు రెండింటినీ పొదువుకున్నాను, ఒకటి చచ్చిపోయింది అన్నాను. నాకు వినబడదు కాబట్టి గోడ పడటం తెలియలేదు, నేల అదిరింది, కళ్ళు తెరిస్తే ఆకాశం కనబడింది అన్నాను. ఇవన్నీ మా అమ్మకి జరిగాయని నాకు నా గొంతులోంచే తెలుస్తోంది. హాల్లో ముఖాలు వాడిపోతున్నాయి, అమ్మ ఆ ముఖాలు చూసుకుంటూ, ఒక్కో మాట చేరిందో లేదో చూసుకుని తర్వాతి మాటకి వెళుతోంది.

శామ్యూల్ రాజ్ గారు లేచి నిలబడ్డారు. మైకు అడగలేదు. ఆయన గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. "అమ్మా, గాలి అంతలా ముదురుతుంటే మీకు అనుమానం రాలేదా?" అన్నారు. ఆయన మాట ఉన్నదున్నట్టు చేతుల్లో పెట్టి అమ్మకి ఇచ్చాను. అమ్మ ఆయనకే జవాబు చెప్పింది, నా వైపు తిరగకుండా, కానీ ప్రతి సైగా నాకు కనబడేటట్టు నెమ్మదిగా. నేను చెప్పడం మొదలుపెట్టాను. "వచ్చిందండీ. మాటిమాటికీ ఫోను తీసి చూసుకున్నాను. ఎప్పుడు చూసినా బొమ్మ నవ్వుతూనే ఉంది. దాన్ని పంపేది మా అమ్మాయే." అక్కడ మైకు నుంచి వెనక్కి జరిగాను. అమ్మ చేతులు ఆపి ఆగింది. నేను మళ్ళీ మైకు దగ్గరికి వచ్చాక మిగిలింది చెప్పింది.

"నాకేదైనా అవుతుందంటే, మా అమ్మాయి నవ్వుతుందా?" అన్నాను.